డి డ్రైవులో హుసేనమ్మ

ఈ లోకంలో మనుషులు రకరకాల వస్తువులు పోగొట్టుకుంటుంటారు. గొడుగులు, తాళంచెవులు, బస్సు పాసులు, పెళ్లిళ్లలో కొత్త చెప్పులు. వాటన్నిటికీ క్షమాపణ ఉంది. నేను పోగొట్టింది ఒక అమ్మ గొంతు. అదీ మా అమ్మది కాదు, నా పక్క మంచం మీద పడుకునే కరీముల్లా వాళ్ల అమ్మది. ఆ ఘనకార్యానికి నాకు కావలసివచ్చినవి ఒక ఆదివారం పొద్దున, మూడు సీడీలు, బోలెడంత ఆత్మవిశ్వాసం. ఉద్యోగం తప్ప మిగతావన్నీ నా దగ్గర పుష్కలంగా ఉన్న రోజులవి.

రెండువేల సంవత్సరం దాటి ఎంతో కాలం కాలేదు. బెంగళూరు కంపెనీలు లోపలున్నవాళ్లనే బయటికి పంపిస్తున్న కాలం చూసుకుని, నేను తెనాలి నుంచి పెట్టె సర్దుకుని లోపలికి వెళదామని వచ్చాను. నా ముహూర్తబలం అలాంటిది. కె.ఆర్.పురం స్టేషన్‌కి దగ్గర్లో మునిరత్నమ్మగారి మేడమీది గదిలో దిగాను. వాళ్లు తాతల కాలం నుంచి బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లు. కింద పూల అంగడి, వెనక వాళ్ల ఇల్లు, పైన మేము. ఆవిడ తెలుగు నాకు మొదటి నెలంతా అర్థం కాలేదు. నా తెలుగు ఆవిడకి చివరిదాకా నచ్చలేదు. "ఏమప్పా, నువ్వు మాట్లాడితే రేడియోలో వార్తలు చదివినట్ల ఉండాది" అనేది.

గదిలో ముగ్గురం. కరీముల్లాది రాయచోటి. అత్తిబెలెలో ఏదో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. శుక్రవారం సెలవు కావాలని, దానికి బదులు ఆదివారాలు డ్యూటీ చేసేవాడు. శీనుది కరీంనగర్. కాల్ సెంటర్లో పని, పగలంతా నిద్ర. నేను పగలూ నిద్రే, రాత్రీ నిద్రే.

ముగ్గురం కలిసి ఒక కంప్యూటర్ కొన్నాం. ఎస్.పి. రోడ్డులో భాగాలు విడివిడిగా తెచ్చి నేనే బిగించాను. ఇరవై జీబీ హార్డ్ డిస్క్. అంత జాగా మనుషులకి దేనికని ముగ్గురం కాసేపు ఆశ్చర్యపోయి, వెంటనే పంపకాలకి దిగాం. సి డ్రైవు విండోస్‌కి, అది ఉమ్మడి. డి కరీముల్లాది. ఈ నాది. ఎఫ్ శీనుది. పెద్దమనిషిని నేనే. పంచిన పది నిమిషాలకి శీను తగువు మొదలుపెట్టాడు.

"నా దాంట్ల ఇరవై ఎంబీ తక్కువుందిర ప్రసాద్."

"ఇరవై ఎంబీ అంటే నాలుగు పాటలురా. దానికేనా?"

"నాలుగు పాటలైతేంది? నేనెందుకు ఇడ్సిపెడ్త?"

సరేనని మొత్తం చెరిపి మళ్లీ పంచాను. ఈసారి డి, ఈ, ఎఫ్ మూడూ ఒక్క అంకె తేడా లేకుండా సమానం. అన్నదమ్ముల మధ్య గట్టు పెట్టించిన ఊరి కరణంలా తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలాను. పాఠకులారా, నన్ను ముంచింది ఆ సమానత్వమే. ఎలాగో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

శీను తన భాగం సినిమాలతో నింపాడు. నేను బయోడేటాలతో నింపాను; ఒక్క ఉద్యోగానికి పదిహేడు రకాల బయోడేటాలు. కరీముల్లా మాత్రం రెండు మూడు పాటలు, ఒక పాత క్యాసెట్టూ పెట్టుకున్నాడు. అంతే.

ఆ క్యాసెట్టు సంగతి చెప్పాలి. కరీముల్లాకి ఎనిమిదేళ్లప్పుడు వాళ్ల అమ్మ హుసేనమ్మ కువైట్ వెళ్లింది, అక్కడ ఒకరింట్లో పనికి. ఆమెకి రాయడం రాదు. అందుకని వెళ్లిన మొదటి ఏడాది ఒక క్యాసెట్టులో రెండు వైపులా మాట్లాడి, ఊరికి వస్తున్న వాళ్ల చేతికిచ్చి పంపింది. రాయచోటి చుట్టుపక్కల ఊళ్లలో ఉత్తరాలు అలా వచ్చేవట. తర్వాత ఫోన్లు వచ్చాయి, క్యాసెట్లు ఆగిపోయాయి. ఈ ఒక్కటే మిగిలింది. దాన్ని పాతికసార్లు తెగి అతికించిన రీలుతో బెంగళూరు తెచ్చాడు. కంప్యూటర్లోకి ఎక్కించే పుణ్యం నేనే కట్టుకున్నాను. రెండో వైపు పూర్తవుతూనే టేప్ రికార్డర్ ఆ రీలుని నమిలి ముక్కలు చేసింది. "పోతే పోయిందిలేరా, ఇప్పుడు కంప్యూటర్లో ఉంది, ఇంక శాశ్వతం" అన్నాను. సీడీ మీదికి ఒక కాపీ తీద్దాం అని కూడా అన్నాను. రేపు తీద్దాం అని ప్రతిరోజూ అన్నాను.

ప్రతి శుక్రవారం పొద్దున కరీముల్లా ఆ గొంతు పెట్టుకుని, గుమ్మం బయట బట్టలు ఉతుక్కునేవాడు. మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చాక కింద మునిరత్నమ్మగారింటికి కువైట్ నుంచి ఫోన్ వచ్చేది. తను పనిచేసే ఇంటివాళ్లు బంధువులింటికి భోజనానికి వెళ్లే వేళ చూసుకుని హుసేనమ్మ చేసేది. బాగుండావా, బాగుండా, జ్వరం తగ్గిందా, తగ్గింది. రెండు నిమిషాల్లో అయిపోయేది. అసలు మాటలన్నీ క్యాసెట్టులోనే ఉండేవి.

ఒక రహస్యం చెబుతాను. శుక్రవారాలు నేను నిద్ర నటిస్తూ ఆ గంటసేపూ వినేవాణ్ని. దుప్పటి ముఖం మీదికి లాక్కుని, కదలకుండా వినేవాణ్ని. ఎవరో తల్లి ఎవరో పిల్లాడికి చెప్పే మాటలు నాకెందుకంత కావలసివచ్చాయో అప్పుడు ఆలోచించలేదు. అవి వింటుంటే ఆ గదిలో, ఆ ఊళ్లో, నేను కాస్త తక్కువ ఒంటరిగా ఉండేవాణ్ని. అంతవరకు తెలుసు.

ఇక అసలు ఘట్టం. ఒక కంపెనీ మొదటి ఇంటర్వ్యూలో "మీకు లినక్స్ వచ్చా?" అని అడిగారు.

"వచ్చు సార్."

"ఇంట్లో ఉందా?"

"విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి సార్. ఒకే డిస్కు మీద."

"గుడ్. బుధవారం రెండో రౌండ్‌కి రండి."

నా ఇంట్లో విండోస్ తప్ప, దానికి బదులు వేసుకునే ఆ లినక్స్ లేదని మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆదివారం పొద్దున ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన మూడు సీడీలు ముందేసుకుని కూర్చున్నాను. కరీముల్లా అత్తిబెలె వెళ్లిపోయాడు. శీను డ్యూటీ నుంచి వచ్చి, టీ గ్లాసుతో నా వెనక నిలబడ్డాడు.

నా ప్రణాళిక చాలా గొప్పది. నా సొంత భాగం, అంటే ఈ డ్రైవు, త్యాగం చేసి అందులో లినక్స్ వేస్తాను. బయోడేటాలు ఫ్లాపీలో దాచుకున్నాను. ఎవరి జోలికీ పోను. "మొత్తం డిస్కు చెరిపెయ్యమంటావా?" అని ఆ సీడీ మొదట్లోనే అడిగింది. "నేనంత తెలివితక్కువవాణ్ని కాదు" అని పైకే అని, భాగాలు నేనే ఎంచుకుంటానన్నాను. అప్పుడు తెర మీదికి ఒక పట్టిక వచ్చింది. అందులో సి లేదు, డి లేదు, ఈ లేదు. అన్నీ అంకెలు. ఒకటి, రెండు, ఐదు, ఆరు, ఏడు.

"మూడు, నాలుగు యాడ వోయినయ్ ర?" అన్నాడు శీను.

"అవి ఉండవులే."

"ఎందుకుండయ్?"

"లినక్స్‌లో అంతే." ఇది ఆ రోజు నేను చాలాసార్లు వాడిన వాక్యం.

వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఒకటి సి. రెండు డి. ఐదు ఈ, అంటే నాది. ఆరు ఎఫ్. మరి ఏడు?

"ఏడు ఎవర్ది?" అన్నాడు శీను.

"అది లినక్స్ తనకోసం ఉంచుకున్న జాగా అయ్యుంటుంది."

"మరి రెండోది చూడు, గంత పెద్దగుంది. మన మూడు కలిపినంతుంది."

"కొత్తది కదా, లెక్క కాస్త తప్పు చూపిస్తుంది. నువ్వెళ్లి పడుకో."

తెలిసినవాళ్లు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆ రెండో అంకె అసలు భాగమే కాదు. డి, ఈ, ఎఫ్ మూడింటినీ లోపల పెట్టుకున్న పెట్టె. పెట్టెని కూడా ఒక వాటాదారుగా లెక్కపెట్టిన పెద్దమనిషిని నేనే. ఐదు డి, ఆరు ఈ, ఏడు ఎఫ్. సైజులు చూసి పోల్చుకుందామంటే, ఒక్క అంకె తేడా లేకుండా పంచిపెట్టాను కదా! మూడూ ఒకేలా కనబడుతున్నాయి. నాది అనుకుని ఐదుని చెరిపేశాను. "నిజంగానే చెరపమంటావా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ హుందాగా అవునన్నాను.

తర్వాత ఏయే సాఫ్ట్‌వేర్లు కావాలో టిక్కు పెట్టమంది. పెద్ద జాబితా. కొంచెం వేసుకున్నా సరిపోతుందని రాసే ఉంది. ఉచితంగా వచ్చింది వదిలేస్తామా? అన్నిటికీ పెట్టాను. పేరు కూడా వినని దేశాల అక్షరాలు, నక్షత్రాలు చూసే ప్రోగ్రాం, చదరంగం నాలుగు రకాలు, ప్రింటరు లేని మా గదిలో వందల ప్రింటర్ల డ్రైవర్లు. మూడు సీడీలూ పూర్తిగా ఆ భాగంలో కుక్కాను. కాలు పెట్టే సందు కూడా మిగల్లేదు.

రెండు గంటల తర్వాత యంత్రం మళ్లీ లేచింది. నల్లటి తెర మీద రెండు పేర్లు: లినక్స్, విండోస్. ఏది కావాలంటే అది. ఆనందంతో శీనుని నిద్ర లేపాను. లినక్స్ చూపించాను, నక్షత్రాలు చూపించాను. ఇక విండోస్ కూడా చూపిద్దామని తెరిచాను.

సి ఉంది. డి ఉంది. ఈ ఉంది. ఎఫ్ లేదు.

"నా ఎఫ్ ఏదిర?" శీను నిద్ర ఎగిరిపోయింది. "నా సినిమాలు! అరే, నాదే దొరికిందార నీకు?"

"ఉండు, అరవకు." ఈ తెరిచాను. శీను సినిమాలన్నీ అందులో వరసగా ఉన్నాయి.

"ఇగో, ఉన్నయ్!" వాడు నా వీపు మీద చరిచాడు. "మస్తు భయపెట్టినవ్ పో. గానీ నావి నీ 'ఈ'లకెట్లొచ్చినయ్?"

డి తెరిచాను. పదిహేడు బయోడేటాలు నన్నే చూస్తున్నాయి. ఒక్కొక్కరం ఒక అక్షరం ముందుకి జరిగాం. ఖాళీ అయిన జాగాలోకి జరిగాం. ఖాళీ అయింది ఎవరిదో ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది.

"కరీమ్‌ది…" అని శీను ఆగిపోయాడు. ఇందాకటిదాకా లోపల హుసేనమ్మ ఉన్న చోట ఇప్పుడు నాలుగు చదరంగాలున్నాయి.

మధ్యాహ్నం మూడింటికి కరీముల్లా వచ్చాడు. చెప్పడానికి నేను తెల్లవారినుంచి తయారుచేసుకున్నట్టు ఒక పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టాను. పార్టిషన్ టేబుల్ అన్నాను, ఎక్స్‌టెండెడ్ అన్నాను, లాజికల్ అన్నాను.

"రేయ్, నాకవన్నీ తెలీదు. మా అమ్మది ఉండాదా, లేదా?"

"లేదురా."

"లేదంటే?"

"లేదంటే… లేదు."

తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. వాడు బూట్లు విప్పి గోడవారగా పెట్టాడు. తర్వాత మా ఇద్దరి వైపు తిరిగాడు.

"మీరు అన్నం తిన్యారా, లేదా?" అన్నాడు.

ఆ మాటకి నేను లేచి బయటికి వెళ్లిపోయాను. ఇంతకంటే ఆ రోజు గురించి రాయలేను.

సోమవారం డిస్కుని తువ్వాలులో చుట్టుకుని ఎస్.పి. రోడ్డు వెళ్లాను. పోయిన ఫైళ్లు వెనక్కి తీసే నిపుణుడొకాయన అక్కడ ఉన్నాడని ఎవరో చెప్పారు. ఆయన కళ్లజోడు పైకి తోసి, కన్నడం కలిసిన తెలుగులో అడిగాడు.

"చెరిపినాక దాని మీద ఏమైనా రాసినారా?"

"లినక్స్ వేశాను సార్."

"ఎష్టు? కొంచెమేనా?"

"మూడు సీడీలూ."

"మూడూనా? యాకె సార్? ఒకటి చాలు కదా?"

"ఉచితం కదా సార్."

ఆయన చాలాసేపు నన్ను చూశాడు. తర్వాత డిస్కుని చూశాడు. సాయంత్రం దాకా వెతికి తీసినవి ఒక పాట సగం, కరీముల్లా ఫ్యాక్టరీ షిఫ్టుల పట్టిక. "కొంచెం వేసుంటే సిక్కేది సార్" అన్నాడు. నా అత్యాశ సరిగ్గా ఐదు జీబీల పొడవునా ఆమె మీద పరుచుకుంది.

బుధవారం ఇంటర్వ్యూకి కూడా వెళ్లాను, సిగ్గు లేకుండా. "ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అంటే ఏమిటి?" అని అడిగారు. "అది భాగం కాదు సార్, మిగతా భాగాలు పెట్టుకునే పెట్టె. దాన్ని భాగం కింద లెక్కపెట్టినవాడు మనిషి కాదు" అన్నాను. వాళ్లు మంచినీళ్లిచ్చారు. కబురు చేస్తామన్నారు.

శుక్రవారం వచ్చింది. కరీముల్లా పొద్దున్నే బక్కెట్టు తీసుకుని బట్టలు ఉతకడానికి కూర్చున్నాడు. నేను అలవాటు ప్రకారం దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. బట్టలు బండకి కొట్టిన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె ఎక్కడ దగ్గుతుందో, ఎక్కడ మాట ఆపి ముక్కు చీదుకుంటుందో నాకు తెలుసు. ఆ చోట్లన్నీ వచ్చి పోతున్నాయి, గొంతు మాత్రం లేదు. వాడు ఉతికిన చొక్కానే మళ్లీ ఉతుకుతున్నాడు. నాకు దుప్పటి కింద ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఎప్పుడూ మునిరత్నమ్మగారే ముందు ఎత్తి, రెండు మాటలు మాట్లాడి, కరీముల్లాని పిలిచేది. ఆ రోజు రెండు మాటలు కాదు, మొత్తం చెప్పేసింది. పైకి వినిపిస్తూనే ఉంది: "నీ క్యాసెట్టంతా తుడిచేసిండాడు చూడమ్మా, ఆ తెనాలి పిల్లోడు! ఏమో నక్షత్రాలు చూడాలనంట!" తర్వాత మెట్ల దగ్గరికొచ్చి కేకేసింది.

"ఏమప్పా ప్రసాదూ! కరీమూని కాదంట, నిన్నే పిలుస్తా ఉండాది. బేగ రాప్పా!"

మెట్లు దిగాను. కరీముల్లా నా వెనకే వచ్చాడు. రిసీవర్ చెవికి పెట్టుకున్నాను. క్యాసెట్టులో గొంతే, కాకపోతే బాగా అరిగింది.

"నువ్వేనా నాయనా, నా మాటలు చెరిపేసినోడివి?"

"నేనేనమ్మా. కావాలని చెయ్యలేదు."

"కావాలని యెవురు చేస్తారులే. అది చేసి పద్నాలుగేండ్లాయ. దాంట్లో యేం చెప్పినానో నాకే గ్యాపకం లేదు. నువ్వు విన్యావా యెప్పుడైనా?"

"విన్నానమ్మా. ప్రతి శుక్రవారం." కరీముల్లా నా వైపు చూశాడు.

"అట్లయితే చెప్పు. యేం చెప్పినానో నేనూ వింటా."

చెప్పాను. నా రేడియో వార్తల తెలుగులో కాదు, ఆమె చెప్పినట్టే వచ్చింది నోట్లోంచి. మొదట, ఇది తిరుగుతా ఉండాదా, అని పక్కనెవరినో అడిగావమ్మా. తర్వాత దగ్గావు. కరీమూ, అమ్మనురా, అన్నావు. నేను పోయేటప్పుడు నువ్వు నిద్రపోతా ఉంటివి, లేపలేదు, లేపింటే నేను పోయేదాన్ని కాదు, అన్నావు. ఈడ ఇల్లు శానా పెద్దది, ఆరు స్నానాల గదులుండాయి, ఆరూ నేనే కడగల్ల, అని నవ్వావు. చొక్కాలు పంపిస్తా ఉండా, నువ్వు పెరిగింటావని రెండు వేళ్లు పెద్దవే తీసినా, అన్నావు. యెంత పెరిగినావో నాకు తెలీకపాయె, అవ్వను అడిగి గోడకానుకొని నిలబడు, తల నుంచి కాళ్ల దాకా దారంతో కొలిపిచ్చుకొని, ఆ దారం పంపించు, అన్నావు. అక్కడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదమ్మా. రీలు ఊరికే తిరిగింది.

లైను తెగిందనుకున్నాను.

"ఆ దారం నా దగ్గరే ఉండాది" అంది హుసేనమ్మ. "ట్రంకులో, బట్టల కింద. ఆ పొద్దు నా కొడుకు అంతుండె."

పక్కన కరీముల్లా మునిరత్నమ్మగారి పూలబుట్ట వైపు తిరిగి నిలబడ్డాడు. మునిరత్నమ్మగారు చెంగుతో ముఖం తుడుచుకుంది. నేను అలాగే నిలబడి ఏడ్చాను. కాసేపటికి ఆ గొంతే మళ్లీ పలికింది.

"ఇంకొకరమ్మ మాటలు ఇంత బాగా పట్టుకుంటివి. నీకు అమ్మ లేదా నాయనా?"

"ఉందమ్మా. తెనాలిలో."

"ఆమెతో మాట్లాడి యెన్ని దినాలైంది?"

ఉద్యోగం రాలేదని చెప్పలేక, వచ్చాకే చేద్దామని, రెండు నెలలుగా ఇంటికి ఫోన్ చెయ్యలేదు. అమ్మ రాసిన ఉత్తరాలకి జవాబు కూడా రాయలేదు.

"రెండు నెలలు."

"బతికుండే గొంతును నువ్వే మూసిపెట్టుకొని, పోయిన నా గొంతు కోసరం ఏడుస్తా ఉండావా? ఫోన్ పెట్టెయ్. పెట్టి, ముందు ఆమెకు చెయ్. నా కొడుకుతో నేను వచ్చే వారం మాట్లాడుకుంటాలే."

పెట్టేశాను. మునిరత్నమ్మగారు ఒక్క మాటా అనకుండా ఫోన్‌ని నా వైపు జరిపింది.

ఇదీ నా ఘనకార్యం. కాబట్టి బుద్ధిమంతులైన పాఠకుల సమక్షంలో, పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ డిస్కు ముందు కూర్చున్నా వేళ్లు మడిచి లెక్కపెట్టను. ఎవరి భాగం ఏదో వాళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతాను. ఉచితమని అన్నిటికీ టిక్కు పెట్టను. అర్థం కానిదాన్ని 'లినక్స్‌లో అంతే' అనను.

ఈ ప్రమాణం తప్పే అవకాశం నాకెప్పుడూ రాలేదనుకోండి. ఇప్పుడు నా కంప్యూటర్లో ఆ ఇరవై జీబీ డిస్కులు వంద పట్టేంత జాగా ఉంది. అంతా ఒకటే భాగం, మొత్తం నాదే. ఇరవై ఎంబీ తక్కువొచ్చిందని తగువుకొచ్చేవాడు ఒక్కడూ లేడు.